దిగువ చేను ఎవరిది

మా నాన్నకూ పెదనాన్నకూ తొమ్మిదేళ్లు మాటల్లేవు. రెండు ఇళ్ల మధ్య దూరం నలభై అడుగులు కూడా ఉండదు. మా ఇంట్లో చేపల పులుసు మరిగితే వాళ్ల ఇంట్లో తెలిసిపోతుంది. అయినా తొమ్మిదేళ్లు. తప్పు ఎవరిదని అడిగితే మొదట్లో పెదనాన్నదనేదాన్ని. తర్వాత ఇద్దరిదీ అనేదాన్ని. చివరికి అడిగినవాళ్లనే కసురుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు.

సత్తుపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది మా ఊరు. తాత తన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని కోస్తా నుంచి వచ్చినప్పుడు అక్కడ ఊరే లేదు. ఆయనతో పాటు మరో నాలుగు కుటుంబాలు వచ్చాయి, అందరూ ఒకే చర్చివాళ్లు. అక్కడ అరెకరం అమ్ముకుంటే ఇక్కడ ఎనిమిదెకరాలు వచ్చిందట. వచ్చిందంటే చెట్టూ పుట్టా, రాయీ రప్పా, జ్వరాలూ అన్నీ కలిపే వచ్చాయి. అప్పటికి పెదనాన్నకు పదహారేళ్లు, నాన్నకు పన్నెండు. గొడ్డలి పెదనాన్న పట్టుకుంటే, నరికిన కంప నాన్న లాగేవాడు. మేం అడవి కొట్టి ఊరు కట్టామని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మాకంటే ముందు ఆ అడవిలో తిరిగి, అందులోనే బతికినవాళ్లను ఏ కాగితం కోసమూ ఎవరూ పేరు అడగలేదన్న సంగతి మాత్రం చెప్పరు. నేను చెబితే, చదువుకున్నదానివి నీకేం అని నా నోరు మూయిస్తారు.

నేల సాగులోకి వచ్చాక తాత నోటిమాటగా పంచేశాడు. వాగు పక్కన నల్లరేగడి నాలుగెకరాలు పెదనాన్నకు, గుట్ట వైపు ఎర్రనేల నాలుగెకరాలు నాన్నకు. పెదనాన్నకు అప్పటికే పెళ్లయింది, తిండిగింజలు ముందు ఆ ఇంటికి కావాలన్నాడట. నాన్న ఎదురు చెప్పలేదు. ఎర్రనేలలో రాళ్లు ఏరడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది. నేను పుట్టాక నేనూ ఏరాను. వాటిని దిగువ చేను, ఎగువ చేను అనే పిలిచేవాళ్లం. కాగితాల మీద వాటికి ఏదో నంబరు ఉందని మాకు తెలుసు గానీ, ఏ నంబరు ఏ చేనుదో ఎవరూ పట్టించుకోలేదు. పాసుబుక్కులు ట్రంకుపెట్టెలో అడుగున ఉండేవి.

తొమ్మిదేళ్ల కింద కొత్త పాసుబుక్కుల కోసం ఊళ్లో మళ్లీ కొలతలు వేశారు. యంత్రం పట్టుకుని వచ్చిన కుర్ర సర్వేయరు పటం చూశాడు, నంబరు చూశాడు, పెదనాన్న ముఖం చూశాడు. మీరు దున్నేది మీ తమ్ముడి భూమి, ఆయన దున్నేది మీదీ అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు.

ఆయనకు పాత సంగతి గుర్తొచ్చింది. తాత ఉండగా భూములు మొదటిసారి రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి మా ఇంటి అరుగు మీదే పది రోజులు పడుకున్నాడు. పద్దెనిమిదేళ్ల మా నాన్న ఆయన వెంట కొలత గొలుసు పట్టుకుని ఊరంతా తిరిగాడు. కుర్ర సర్వేయరు వచ్చిన రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర పదిమందీ వింటుండగా పెదనాన్న అన్నాడు:

"గొలుసు పట్టుకోని తిరిగింది ఎవరు? వాడే రాయించుకున్నడు. మంచి నేల గదా."

నాన్న ఆ పదిమందిలోనే ఉన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు పేరు మార్పుకు సంతకం పెట్టమని పెదనాన్న పాస్టరుగారితో కబురు పెట్టాడు. సంతకం పెడితే దొంగసొత్తు తిరిగి ఇచ్చినట్టవుతుంది, పెట్టనని నాన్న చెప్పి పంపాడు. పెట్టకపోతే దొంగ అన్న మాట నిజమేగా అని పెదనాన్న మళ్లీ చెప్పి పంపాడు. మూడోసారి పాస్టరుగారు కబురు మోయనని చేతులెత్తేశారు.

దిగువ చేను రికార్డులో నాన్నదే. కావాలనుకుంటే వెళ్లి నాగలి కట్టొచ్చు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. పెదనాన్న బాధ ఒకటే, తన ఒంట్లో చెమటంతా పోసి చేసిన చేనును తన కొడుకులకు రాసివ్వలేకపోవడం. నాన్న బాధ ఒకటే, దొంగ అనే మాట సొంత అన్న నోటి నుంచి రావడం. ఇద్దరూ డెబ్బై దాటారు. ముందు ఎవరు పోయినా, మిగిలిన ఆయన ఆ మాటను మోసుకుంటూ బతకాలి. నా భయమంతా అదే.

వీళ్ల పంతం ఎంత విచిత్రమైనదంటే, మాటలు ఆగాయి గానీ కోతుల కాపలా ఆగలేదు. మా వైపు మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటే చాలు, గుట్ట మీది కోతులు దిగుతాయి. వాటికి పాసుబుక్కులు తెలియవు, రెండు చేలలోనూ పడి తింటాయి. అందుకని ఒక రోజు పెదనాన్న, ఒక రోజు నాన్న, రెండు చేలకూ కాపలా కాసేవాళ్లు. అది తాత పెట్టిన వంతు. వంతు దిగేవాడు వడిసెలనూ రేకుడబ్బానూ గట్టు మీది బండపై పెట్టి వెళ్లేవాడు. వంతు ఎక్కేవాడు వచ్చి తీసుకునేవాడు. ఒకాయన పూర్తిగా కనుమరుగయ్యేదాకా రెండో ఆయన జామాయిల్ చెట్ల వెనక నిలబడి ఉండేవాడు. నేను ఒకసారి చూసి నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాను.

చర్చిలోనూ ఇదే వరస. నెలకొక ఆదివారం ప్రభుబల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇస్తారు. తోబుట్టువు మీద కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. రొట్టె పళ్లెం మీది గుడ్డ తీసే సమయానికి పెదనాన్న కుడి తలుపులోంచి, నాన్న ఎడమ తలుపులోంచి బయటికి నడిచేవాళ్లు. పోనీ అబద్ధానికైనా కూర్చుని తీసుకోరు. ఆ నిజాయితీ చూస్తే నాకు మరీ మండేది.

మా అమ్మ పోయినప్పుడు శవపేటికకు ముందు కొయ్య పట్టింది పెదనాన్నే. సమాధుల దొడ్డి దాకా భుజం మార్చకుండా మోశాడు. మట్టి వేశాడు. నాన్న వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇదంతా ఒక ఎత్తు, మా పెద్దమ్మ ఒక ఎత్తు. ఆవిడ పెదనాన్న భార్య. కొత్తకోడలిగా వచ్చేటప్పటికి నాన్న ఇంకా మీసాలు రాని పిల్లాడు. తల్లి లేని ఆ మరిదికి తల దువ్వి, అన్నం పెట్టి పెంచింది. గొడవ మొదలయ్యాక ఆమె కూడా నాన్నతో మాట మానేసింది. నాతో మానలేదు. నేను భద్రాచలంలో ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేస్తాను. ఊరికి పోయినప్పుడల్లా పెద్దమ్మ పెరటి తలుపు దగ్గర నిలబడి నాకు చింతకాయ పచ్చడి సీసా ఇచ్చేది. చేను మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. మా నాన్న తప్పు చేశాడనే ఆమె నమ్ముతోందని నాకు తెలుసు. 

ఈ మధ్య పెద్దమ్మ కుడికంటికి శుక్లం ముదిరింది. భద్రాచలంలో కంటి ఆపరేషన్ల శిబిరం పెడుతున్నారని తెలిసి, నేనే వెళ్లి బస్సులో తీసుకొచ్చాను. శిబిరంలో ఆమెను వరుసలో నిలబెట్టి, ఆధార్ కార్డు జిరాక్స్ తీయించడానికి ఎదురు షాపుకు పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో చీటీ ఉంది. పేరు, వయసు, ఊరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. భర్త పేరు దగ్గర మా నాన్న పేరు ఉంది.

"ఏంది పెద్దమ్మా ఇది? మా నాన్న నీకెప్పుడు మొగుడయ్యిండు?"

గట్టిగానే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చేతి మీద ఒక్కటి వేసింది. చీటీ రాసే పిల్ల అడిగితే మరిది పేరు చెప్పి, వాళ్ల అన్న అన్నాననీ, ఆ పిల్ల సగమే రాసుకుందనీ అంది.

నేను మర్చిపోయిన సంగతి అది. పెద్దమ్మ మొగుడి పేరు నోటితో అనదు. యాభై ఏళ్లు దాటిన కాపురంలో ఒక్కసారి కూడా అనలేదు. ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు కూడా, మా పెద్దోడి నాన్నకు దగ్గు తగ్గాలని ప్రార్థించండి అనేది. పేరు తప్పనిసరి అయిన చోట, మరిది పేరు చెప్పి, వాళ్ల అన్న అనేది. తన చేతుల మీద పెరిగినవాడు గనక మరిది పేరు అనడానికి ఆమెకు అడ్డులేదు.

చీటీ దిద్దించాను. వరుసలో మళ్లీ ఆమె వెనక నిలబడ్డాను. ఇంకా నవ్వు ఆగలేదు. అలా నవ్వుతుండగానే నాకు దిగువ చేను గుర్తొచ్చింది. ఎవరో వచ్చి, ఈ చేను ఎవరిదమ్మా అని పెద్దమ్మను అడిగి ఉంటే?

అక్కడికక్కడే అడిగేసేదాన్ని. కానీ ఆమెను లోపలికి పిలిచారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు నాతో రెండు సంగతులు గట్టిగా చెప్పాడు, వంగకూడదు, ఏడవకూడదు. వంగకుండా చూడటం తేలికే. నా అనుమానం నిజమైతే పెద్దమ్మ ఏడవకుండా ఎలా ఉంటుంది? నోట్లో మాట ఆగని మనిషిని, అయిదు రోజులు నీళ్లు నమిలాను. ఆమెను నా ఇంట్లోనే ఉంచుకుని పూటపూటా కంట్లో చుక్కలు వేశాను, తల వెనక్కి వంచి పట్టుకున్నాను, జావ కాచి తాగించాను. నేనేం మాట్లాడకపోతుంటే, బడిలో ఎవరితోనైనా పోట్లాడావా అని ఆమే అడిగింది.

ఆరో రోజు కన్ను బాగుందన్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నల్లకళ్లద్దాలు పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఊళ్లో భూములు మొదటిసారి రాసుకున్నప్పుడు, మన వంతు వచ్చిన రోజు దిగువ చేలో ఎవరున్నారని అడిగాను. నేనే ఉన్నా, నువ్వులు పీకుతున్నా అంది. ఆ ఒక్కరోజు నాన్న గొలుసు వేరేవాళ్లకు అప్పజెప్పాడట, అన్నదమ్ములిద్దరూ ఎడ్ల జత కోసం వేంసూరు వైపు పోయారట. తాత జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడట. గట్టు మీద నిలబడి ఆ ఉద్యోగి, ఈ చేను ఎవరి పేరున రాయాలమ్మా అని అడిగాడట.

"నువ్వేం చెప్పినవు?"

"ఏం చెబుతా? మీ నాన్న పేరు చెప్పి, వాళ్ల అన్నదండీ అన్నా. వేరే ఎట్లా చెబుతారు..."

అక్కడ ఆగిపోయింది. ఆ అద్దాల వెనక కళ్లు నాకు కనబడలేదు గానీ, ఆమె చేతులు ఒళ్లో కదలడం మానేశాయి. ఉన్న చేలు రెండు. ఒకటి తమ్ముడి పేరున పడ్డాక, రెండోది అన్న పేరున పడక ఏమవుతుంది? ఆ ఉద్యోగి చెడ్డవాడు కాడు, ఎండన పడి వచ్చి, వినబడిన ఒక్క పేరూ రాసుకుని పోయాడు. సగం శతాబ్దం అది ట్రంకుపెట్టెలో పడుకుంది.

ఏడవకు పెద్దమ్మా, కన్ను పోతుంది అన్నాను నేను. ఆమె ఏడవలేదు. చాలా మెల్లిగా అంది:

"నా చేతులతో పెంచిన పిల్లోణ్ణి, తొమ్మిదేళ్లు నేనూ దొంగనుకున్నానే."

ఆ మాటకు నేనే ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, మర్నాడే తనను ఊరికి తీసుకుపొమ్మంది.

బస్సు దిగి తన ఇంటికి పోలేదు. నేరుగా మా ఇంటి మెట్లెక్కింది. నాన్న వాకిట్లో కుర్చీలో కూర్చుని రేడియో సరిచేసుకుంటున్నాడు. నల్లకళ్లద్దాలతో వదిన ఎదురుగా నిలబడేసరికి లేచి నిలబడ్డాడు, రేడియో కిందపడింది. పెద్దమ్మ కూర్చోలేదు. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. క్షమించమని అడగబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు తప్పేం చెప్పలేదు గదా వదినా. అన్నదనే చెప్పినవు."

అని నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. నన్ను టీ పెట్టమన్నాడు, వదినకు పంచదార ఎక్కువ వేయమన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆమె ఎంత పంచదార తాగుతుందో మర్చిపోలేదని నేను వంటింట్లో నిలబడి అనుకున్నాను. పెదనాన్న దగ్గరికి నేను వస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఇంటాయనకు తనే చెప్పుకుంటానంది.

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. రెండు రోజులు పెదనాన్న గడప దాటలేదు. కాపలా వంతుకూ రాలేదు. నాన్న రెండు రోజులూ తనే కాశాడు. మూడో రోజు పెదనాన్న పెద్దకొడుకు వచ్చి, రెండు పేర్లూ మార్పించుకోవడానికి కాగితం రాయించాడు. నాన్న చదివి సంతకం పెట్టాడు. పెదనాన్న రాలేదు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఇంత తెలిశాక కూడా ఆ నలభై అడుగులు నడవలేడా అని నాన్న మీద అరిచాను. నాన్న, ఆయన పెద్దోడమ్మా అన్నాడు. అంతే. ఆ ముసలాయన్ని వెనకేసుకొచ్చేది ఎప్పుడూ ఈ ముసలాయనే.

ఆ నెలాఖరున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు, భూముల తప్పులు సరిచేయడానికి తహసీల్దారు వచ్చింది. వయసులో నాకంటే చాలా చిన్నది. మా కాగితం చదివి, ఇద్దరూ ఒప్పుకుంటున్నారు సరే, తప్పెలా పడిందో తెలిసినవాళ్లు చెబితే రాసుకుంటానంది. పెద్దమ్మ లేచింది. దిగువ చేను ఎవరి పేరు మీద ఉండాలమ్మా, పేరు చెప్పండి అని అడిగింది తహసీల్దారు.

పెద్దమ్మ నోరు తెరిచింది, మూసుకుంది. కొడుకు చెప్పమ్మా అన్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఇంత నష్టం జరిగాక కూడా ఆ పేరు నోట రాదా అని నాకు కోపం పొంగుకొచ్చింది. అంతలో ఆమె మెల్లిగా నడుచుకుంటూ పెదనాన్న కూర్చున్న కుర్చీ దగ్గరికి పోయి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఈయనది."

తర్వాత నాన్న వైపు తిరిగి, ఎగువ చేను ఈ అబ్బాయిదని, ఆయన పేరు స్పష్టంగా చెప్పింది. డెబ్బై నాలుగేళ్ల అబ్బాయిని చూసి తహసీల్దారు నవ్వుతూ రాసుకుంది. పెదనాన్న తల దించుకుని ఉన్నాడు. పెద్దమ్మ చెయ్యి తీయలేదు. నాకు యాభై ఏళ్లు. పదిమందిలో ఆమె ఆయన్ను ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

సంతకాలు అయ్యాయి. మళ్లీ పిలిచేదాకా కూర్చోమన్నారు. నాన్న, పెదనాన్న ఒక ఖాళీ కుర్చీ మధ్యలో వదిలి కూర్చున్నారు. నేను వాళ్ల వెనక వరుసలో ఉన్నాను. మైకులో వేరేవాళ్ల పేర్లు పిలుస్తున్నారు. నాలుగైదు పేర్లు అయ్యాక పెదనాన్న, నాన్న వైపు తిరగకుండానే అన్నాడు:

"అప్పుడే నిన్ను అడగాల్సింది రా. అడగకుండనే అనేసిన."

"అడిగితే మాత్రం ఏంది అన్నా? నాకూ తెల్వదాయె."

"అవ్. తెల్వదనే చెప్పేటోనివి." అన్నాడు పెదనాన్న. "నేను నమ్మేటోణ్ణి."

నాన్న భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.